పది శాతం కడితే చాలా? సొంతింటికి అసలు లెక్క ఇదీ!

"నెల నెలా కట్టే అద్దెకి ఇంకో పది వేలు కలిపితే సొంతిల్లే వచ్చేస్తుంది కదా!"

ఈ మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. పండక్కి వచ్చిన మావయ్య అని ఉండొచ్చు. పక్క సీట్లో కూర్చునే కొలీగ్ అని ఉండొచ్చు. లేదంటే రోడ్డు పక్కన టెంటు వేసుకుని కరపత్రాలు పంచే ఏజెంట్ అని ఉండొచ్చు. దాని వెనకే ఇంకో మాట కూడా వస్తుంది. "పది శాతం నీ దగ్గర ఉంటే చాలన్నా, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది."

వినడానికి ఎంత బాగుందో! కానీ తక్కువ ఆదాయంతో ఇల్లు కొనాలని బయల్దేరిన చాలామంది ఆగిపోయేది ఈఎంఐ దగ్గర కాదు. ఆ ఈఎంఐ మొదలయ్యేలోపు ఒకేసారి చేతిలోంచి పెట్టాల్సిన డబ్బు దగ్గర. అక్కడ ఆగి, సరే ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకున్నవాళ్లకు నష్టమేం లేదు. అప్పు మీద అప్పు తెచ్చి ఆ లోటు పూడ్చినవాళ్లకే కష్టం. "లోన్ అక్కర్లేదు, సగం ధరకే ఇప్పిస్తాం" అన్న మాట నమ్మినవాళ్లకు ఇంకా కష్టం.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్లేముందు ఒక్కసారి కాగితం మీద లెక్క వేద్దాం. భార్యాభర్తలిద్దరి సంపాదనా కలిపి నెలకు 40 వేలు, అటూ ఇటూ ఉన్న ఇళ్ల కోసం ఈ లెక్క.

32 లక్షల ఇంటికి చేతిలో ఎంత ఉండాలి?

ఒక జంట అనుకుందాం. ఆయన గోదాములో సూపర్‌వైజర్. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరిదీ కలిపి చేతికొచ్చేది 42 వేలు. సిటీ శివార్లలో 32 లక్షలకు ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నచ్చింది.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు హోమ్‌లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే ఈ ఇంటికి 28 లక్షల 80 వేల దాకా ఇచ్చే వీలుంది. ఏజెంట్ చెప్పిన 'పది శాతం' ఇక్కణ్నుంచే వచ్చింది. అందులో అబద్ధం లేదు. కాకపోతే అది సగం లెక్కే.

మిగతా సగం మీ జీతం దగ్గర ఉంది. నెల జీతంలో అన్ని ఈఎంఐలూ కలిపి సగం దాటకుండా చూస్తాయి చాలా బ్యాంకులు. ఆదాయం తక్కువైతే 40 శాతం దగ్గరే ఆపేసేవీ ఉన్నాయి. సగం అనే అనుకుందాం. 42 వేలలో 21 వేలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే లక్షకు నెలకు సుమారు 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. 21 వేల ఈఎంఐకి వచ్చే లోన్ 24 లక్షలు. బ్యాంకు 40 శాతమే లెక్కేస్తే 19 లక్షల చిల్లర.

అంటే నిబంధన 28 లక్షల 80 వేలు ఇవ్వొచ్చంటోంది. మీ జీతం 24 లక్షల దగ్గర ఆపేస్తోంది. ఇప్పుడు చేతిలోంచి పెట్టాల్సింది చూడండి.

• ఇంటి ధరలో లోన్ పోగా మిగిలింది: 8 లక్షలు
• రిజిస్ట్రేషన్ ఖర్చు (స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం): 2 లక్షల 40 వేలు
• బ్రోకర్ కమీషన్ (ఒక శాతం అనుకుంటే): 32 వేలు
• బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ వగైరా: సుమారు 28 వేలు
• సామాను తరలింపు, రంగులు, గ్రిల్స్, ఫ్యాన్లు, చిన్నా చితకా రిపేర్లు: 60 వేలు

మొత్తం 11 లక్షల 60 వేలు!

పది శాతం అంటే 3 లక్షల 20 వేలు. అసలు కావాల్సింది దానికి మూడున్నర రెట్ల పైనే. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకులు ఇంటి విలువలో కలపవు. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రమే ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి ఆ 2 లక్షల 40 వేలు పూర్తిగా మీ జేబులోంచే వెళ్లాలి.

ఏడు లక్షలు తగ్గించి చూడండి

ఇదే జంట 32 లక్షల ఇల్లు వదిలేసి 25 లక్షల ఇల్లు చూసిందనుకోండి. 90 శాతం అంటే 22 లక్షల 50 వేల లోన్. ఈఎంఐ 19,526 రూపాయలు. ఇది 21 వేల లోపే ఉంది కాబట్టి లోన్ పూర్తిగా వచ్చే అవకాశం ఉంది. చేతిలోంచి పెట్టాల్సింది రెండున్నర లక్షలు. రిజిస్ట్రేషన్‌కి 1 లక్షా 87 వేల 500. మిగతా ఖర్చులకు ఇంకో లక్ష. మొత్తం 5 లక్షల 40 వేల లోపు.

ఇంటి ధర తగ్గింది 7 లక్షలు. చేతిలో ఉండాల్సిన డబ్బు తగ్గింది 6 లక్షల 20 వేలు. దాదాపు తగ్గిన ధరంతా మీ జేబుకే మిగిలింది. ఎందుకంటే లోన్ ఎంతొస్తుందన్నది ఒక హద్దు దాటాక ఇంటి ధరను బట్టి ఉండదు, మీ జీతాన్ని బట్టి ఉంటుంది. ఆ హద్దు దాటి ధర పెరిగే ప్రతి రూపాయీ మీరే తేవాలి.

ఈ ఒక్క విషయం అర్థమైతే ఇళ్ల వేట తీరే మారిపోతుంది. ముందు ఇల్లు నచ్చాక డబ్బు వెతుక్కోవడం కాదు. ముందు బ్యాంకుకి వెళ్లి "మాకు ఎంత లోన్ వస్తుంది?" అని అడిగి, చేతిలో ఉన్నదాన్ని దానికి కలిపి, అందులోంచి రిజిస్ట్రేషన్ ఖర్చులు తీసేసి, మిగిలిన అంకెకు తగ్గ ఇల్లే చూడాలి.

నిజమే, హైదరాబాద్‌లో 25 లక్షలకి కొత్త డబుల్ బెడ్‌రూమ్ దొరకడం కష్టం. సింగిల్ బెడ్‌రూమ్ చూడాల్సి రావొచ్చు. పదిహేనేళ్ల నాటి ఫ్లాట్ కావొచ్చు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు కావొచ్చు. ఆఫీసుకి గంట ప్రయాణం పెరగొచ్చు. వరంగల్, గుంటూరు, రాజమండ్రి లాంటి చోట్ల ఇదే డబ్బుకి కాస్త మెరుగైనది దొరుకుతుంది. ఇది సర్దుబాటే. కాకపోతే ఇందులో రాత్రిళ్లు నిద్ర పడుతుంది.

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే ఇంకో ఖర్చుంది. జీఎస్టీ. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా హైదరాబాద్‌లో అయితే 60 చదరపు మీటర్లు (సుమారు 645 చదరపు అడుగులు), విజయవాడ, వరంగల్ లాంటి చోట్ల 90 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతం. దాటితే 5 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేసిన ఫ్లాట్‌కి, చేతులు మారే పాత ఫ్లాట్‌కి జీఎస్టీ ఉండదు. పైగా కట్టుబడిలో ఉన్నన్నాళ్లూ ఒకపక్క అద్దె, ఇంకోపక్క లోన్ వడ్డీ. 42 వేల జీతం మీద ఈ రెండూ కలిస్తే ఇల్లు గడవడం కష్టం.

ఫోన్ ఈఎంఐ 2,500.. ఇంటి లోన్‌లో కోత 2.9 లక్షలు!

బ్యాంకు సగం జీతం అని చెప్పినప్పుడు 'అన్ని ఈఎంఐలూ కలిపి' అన్న మాట గుర్తుందా? కొత్త ఫోన్ కొని నెలకు 2,500 కడుతున్నారనుకోండి. ఆ మేరకు హోమ్‌లోన్ ఈఎంఐకి చోటు తగ్గిపోతుంది. పైన వేసిన లెక్కలోనే చూస్తే రావాల్సిన లోన్ 2 లక్షల 88 వేలు తగ్గుతుంది. బైక్ లోన్ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది. ఇంటి లోన్‌కి అప్లై చేయడానికి ఆరు నెలల ముందే ఇలాంటివి తీర్చేయగలిగితే మంచిది.

సిబిల్ స్కోరు సంగతీ అంతే. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు బాగా చూస్తాయి. 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' యాప్‌లో 600 రూపాయల బాకీ మర్చిపోయినా రికార్డులోకి ఎక్కే అవకాశం ఉంది. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. తీసి చూసుకోండి. ఎప్పుడో తీర్చేసిన లోన్ ఇంకా బాకీ ఉన్నట్టు కనిపిస్తే ముందే సరిచేయించుకోవచ్చు.

మరి శాలరీ స్లిప్ లేనివాళ్లో? ఆటో నడిపేవాళ్లు, టైలరింగ్ చేసేవాళ్లు, కర్రీ పాయింట్ పెట్టుకున్నవాళ్లు నెలకు 40 వేలు సంపాదిస్తున్నా బ్యాంకుకి ఆ సంపాదన కనిపించదు. చేతికొచ్చిన డబ్బు చేతి మీదే ఖర్చయిపోతుంది. ఇల్లు కొనాలన్న ఆలోచన ఉంటే రెండు మూడేళ్ల ముందు నుంచే రోజువారీ కలెక్షన్ బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోవాలి. పన్ను పడకపోయినా ఏటా ఐటీ రిటర్న్ వేయాలి. బ్యాంకులు అడిగేది ఈ కాగితాలనే.

ఇవి లేకపోతే వెళ్లాల్సింది చిన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల దగ్గరికి. వాళ్లు ఇస్తారు గానీ వడ్డీ ఎక్కువ. 15 లక్షల లోన్ 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ 13,017. అదే 12 శాతం అయితే 16,516. నెలకు మూడున్నర వేల తేడా. ఇరవై ఏళ్లలో 8 లక్షల 40 వేలు! కాగితాలు లేకపోవడానికి కట్టే మూల్యం అది.

సర్కారు సాయం ఎవరికి? ఎంత?

హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో తిరిగినవాళ్లకి ఎల్ఐజీ, ఎంఐజీ, ఈడబ్ల్యూఎస్ అన్న పేర్లు బాగా తెలుసు. అడ్రస్ చెప్పేటప్పుడు ఇప్పటికీ అవే వాడతారు. ఎల్ఐజీ అంటే తక్కువ ఆదాయ వర్గం. అప్పట్లో హౌసింగ్ బోర్డు ఆ వర్గం కోసమే కట్టిన ఇళ్లవి. ఇప్పుడు అక్కడ ఎల్ఐజీ ఇల్లు కొనడం తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు!

ఈరోజు ఉన్న పథకాల్లో మన 42 వేల జంట ఎక్కడ ఇముడుతుంది? తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి విడతలవారీగా 5 లక్షలు ఇస్తున్నారు. కానీ ముందు జాగా ఉండాలి. పేదలకిచ్చే రేషన్ కార్డుకి పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. మన జంట ఆదాయం ఏడాదికి 5 లక్షల 4 వేలు. అటు పేదల పథకాలకు ఎక్కువ, ఇటు బిల్డర్ల బ్రోచర్లకు తక్కువ. మధ్యలో ఇరుక్కున్న ఇలాంటి కుటుంబాలు మన ఊళ్లలో కోకొల్లలు.

వీళ్లకు పనికొచ్చేది ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో ఉన్న వడ్డీ రాయితీ. 2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు. లోన్‌లో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1 లక్షా 80 వేల దాకా ఐదు వార్షిక వాయిదాల్లో లోన్ ఖాతాలో వేస్తారు.

మంచి సాయమే. కాకపోతే ఒకటి గమనించండి. ఈ డబ్బు ఇల్లు కొన్నాక వస్తుంది. అదీ ఐదేళ్లలో కొంచెం కొంచెంగా. రిజిస్ట్రేషన్ రోజున చేతిలో ఉండదు. "సబ్సిడీ వస్తుందిగా, డౌన్ పేమెంట్‌కి అప్పు తెచ్చేద్దాం" అనే మాట ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి.

"ట్యాక్స్ ఆదా అవుతుంది" అనే ఆశ కూడా చూపిస్తారు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు రిబేట్ వల్ల పన్నే పడదు. ఏడాదికి 5 లక్షలొచ్చే ఇంటికి కట్టే పన్నే లేనప్పుడు ఆదా ఎక్కడిది?

లోటు పూడ్చే తొందరలో..

ఐదున్నర లక్షలు కావాలి, చేతిలో మూడే ఉన్నాయి. అప్పుడేం చేస్తారు? పర్సనల్ లోన్ తీసుకుంటారు కొందరు. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. రెండున్నర లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు ఎనిమిదిన్నర వేలు. దానికి 19,526 కలిపితే 28 వేలు. 42 వేలలో 28 పోతే మిగిలేది 14 వేలు. అందులో సరుకులు, స్కూల్ ఫీజు, పెట్రోలు, అమ్మానాన్నల మందులు. ఒక్క జ్వరం చాలు, లెక్క తప్పడానికి. పైగా హోమ్‌లోన్‌కి ముందే ఇది తీసుకుంటే బ్యాంకు దీన్నీ లెక్కేసి అసలు లోన్‌నే కోస్తుంది.

చీటీ మనవాళ్లకు బాగా అలవాటైన దారి. రిజిస్టరైన చిట్‌ఫండ్ అయితే పొదుపుకి పనికొస్తుంది. కానీ మధ్యలో పాడుకుని ఎత్తిన చీటీకి మిగతా వాయిదాలు కట్టాల్సిందే. ఇంటి ఈఎంఐ మొదలయ్యే సమయానికి చీటీ అయిపోయేలా చూసుకోవాలి తప్ప రెండూ కలిసి నడిచేలా కాదు. చుట్టుపక్కలవాళ్ల నమ్మకం మీద నడిచే చీటీలో ఇంటి డబ్బు పెట్టకపోవడమే మంచిది.

బంగారం తాకట్టు పెట్టినా వడ్డీ ఆగదు. అమ్మినా తాకట్టు పెట్టినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకోవాల్సిన సంగతి ఇది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఈపీఎఫ్‌లోంచి సొంతింటి కోసం కొంత తీసుకునే వీలుంది. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ముందు అది ఎంత వస్తుందో చూసుకుని తర్వాతే మిగతా దారులు వెతకండి. అది వయసు మళ్లాక కావాల్సిన డబ్బు కూడా కాబట్టి అవసరమైనంతే తీయండి.

చవగ్గా వస్తోందంటే.. ఎందుకని అడగండి

చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లనే కొన్ని రకాల ఇళ్లు ఎక్కువగా ఊరిస్తాయి.

ప్రీలాంచ్: "ఇంకా అనుమతులు రాలేదు కాబట్టే సగం ధర. మొత్తం ఇప్పుడే కట్టాలి." హైదరాబాద్‌లో ఈ మాట నమ్మి ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు ఎందరో. స్థలంలో అవిభాజ్య వాటా రాసిస్తాం అని యూడీఎస్ పేరుతోనూ అమ్ముతారు. రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టును ప్రచారం చేయకూడదు, అమ్మకూడదు. రిజిస్టరైన సేల్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లతోనో కడుతుంటే రెరా నంబర్ ఉండాల్సిందే. నంబర్ అడిగి రెరా వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో చాలదు.

నోటరీ స్థలాలు: "రిజిస్ట్రేషన్ లేదు గానీ నోటరీ ఉంది, ఇక్కడందరూ ఇలాగే కొన్నారు." నోటరీ కాగితం యాజమాన్య హక్కు ఇవ్వదు. బ్యాంకు లోన్ రాదు. రేపు అమ్మాలన్నా ఇదే తంటా.

అనుమతి లేని అంతస్తు: రెండంతస్తులకు అనుమతి తీసుకుని పైన ఇంకొకటి వేసేస్తారు. పెంట్‌హౌస్ అని తక్కువకి అమ్ముతారు. అలాగే అపార్టుమెంట్లు కట్టేటప్పుడు బిల్డర్ నిబంధనల ప్రకారం కట్టుబడిలో 10 శాతాన్ని కార్పొరేషన్‌కి తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు అమ్ముతున్నది ఆ తనఖాలో ఉన్న ఫ్లాటో కాదో అడగండి.

చెరువు పక్క ఇల్లు: 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు హైదరాబాద్‌లో ఇంటింటికీ తెలిశాయి. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ హద్దు ఎఫ్‌టీఎల్. దాని చుట్టూ వదలాల్సింది బఫర్. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉన్నాయి. "బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అంతా క్లియరే" అనుకోవద్దు. ఇల్లు కూలినా లోన్ కూలదు. ఈఎంఐ కట్టాల్సిందే.

సగం బ్లాక్, సగం వైట్: "డాక్యుమెంట్‌లో తక్కువ చూపిద్దాం, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది." చూపించిన ధర మీదే లోన్ వస్తుంది కాబట్టి నగదుగా ఇచ్చేదంతా మీ చేతి డబ్బే అవుతుంది. మిగిలేది వేలల్లో, పెరిగే లోటు లక్షల్లో. ఇళ్లు, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కూడా.

అద్దె దండగేనా?

"ఎన్నాళ్లు అద్దె కట్టి ఓనర్‌ని బాగు చేస్తావ్?" అని అడుగుతారు ఇంట్లో పెద్దవాళ్లు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. నీళ్ల దగ్గర మాట పడటం, చుట్టాలొస్తే ఓనర్ మొహం చూడాల్సి రావడం, పిల్లల స్కూల్ మధ్యలో ఖాళీ చేయమనడం.. ఇవన్నీ అనుభవించినవాళ్లకే తెలుస్తాయి. సొంతిల్లంటే డబ్బు లెక్క మాత్రమే కాదు.

అయినా లెక్క తెలిసి ఉండటం మంచిది. 22 లక్షల 50 వేల లోన్‌కి మొదటి నెల కట్టే 19,526లో వడ్డీకే 15,937 పోతుంది. అసలులో తగ్గేది 3,589 మాత్రమే. మొదటి కొన్నేళ్లు కథ ఇలాగే ఉంటుంది. కాబట్టి సిద్ధం కాకముందే తొందరపడి కొని రెండేళ్లకే అమ్ముకోవాల్సి వస్తే, అద్దె కంటే ఎక్కువే దండగ అవుతుంది.

దీనికి ఒక చక్కటి పరీక్ష ఉంది. కొనకముందే కొన్నట్టు బతికి చూడండి. ఇప్పుడు అద్దె 11 వేలు అనుకుందాం. ఇల్లు కొన్నాక ఈఎంఐ 19,500, మెయింటెనెన్స్, ఇంటి పన్నుకి నెలకు ఇంకో 2 వేలు. తేడా 10,500. ఈ డబ్బును ఈ నెల నుంచే జీతం పడిన మర్నాడు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరు నెలలు తప్పకుండా వేయగలిగితే ఈఎంఐ మీకు బరువు కాదు. మూడో నెలకే తీయాల్సి వస్తే, ఇప్పుడే తెలిసినందుకు సంతోషించండి. బ్యాంకు నోటీసు వచ్చాక తెలియడం కంటే నయం కదా.

ఈ పరీక్ష వల్ల ఇంకో లాభం ఉంది. నెలకు 10,500 చొప్పున నాలుగేళ్లలో అసలే 5 లక్షల 4 వేలు. వడ్డీతో కలిపి ఐదున్నర లక్షలు దాటుతుంది. 25 లక్షల ఇంటికి చేతిలో ఉండాల్సింది 5 లక్షల 40 వేల లోపే అనుకున్నాం కదా! ఈ నాలుగేళ్లలో ఇళ్ల ధరలు పెరగొచ్చు. మీ జీతాలూ పెరగొచ్చు. ఈపీఎఫ్ తోడైతే గడువు తగ్గుతుంది. ఏదేమైనా అప్పు లేకుండా మొదటి మెట్టు ఎక్కుతారు.

కొన్నాక కూడా ఒక చిట్కా. ఏటా బోనస్ వచ్చినప్పుడో, పండగ అడ్వాన్స్ వచ్చినప్పుడో ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి. ఇరవై ఏళ్ల లోన్ మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ హోమ్‌లోన్‌ని ముందే కట్టేసినా బ్యాంకు పెనాల్టీ వేయకూడదు.

బయానా ఇచ్చేముందు

• 'మాకెంత లోన్ వస్తుంది' అన్నది బ్యాంకు నోటితో విన్నారా? కనీసం రెండు బ్యాంకుల్లో అడగండి. ఒకటి ప్రభుత్వ బ్యాంకు అయితే మంచిది.
• కనీసం 30 ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, అనుమతి పొందిన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు.. ఇవి అమ్మేవాళ్లు చూపించారా?
• బిల్డర్ పెట్టిన లాయర్ కాకుండా మీరు ఫీజిచ్చి మాట్లాడుకున్న లాయర్ ఆ కాగితాలు చూశారా? ఈ కొన్ని వేల దగ్గర పీనాసితనం వద్దు.
• చెప్పిన చదరపు అడుగుల్లో కార్పెట్ ఏరియా ఎంత? 900 అని చెప్పిన ఫ్లాట్‌లో మీరు చాప వేసుకుని పడుకునే చోటు 650 చిల్లరే ఉండొచ్చు.
• లోన్ రాకపోతే బయానా వెనక్కి ఇస్తారని అగ్రిమెంట్‌లో రాయించారా? నోటిమాట మీద వదలొద్దు.
• బ్యాంకులో లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. ఇంట్లో సంపాదించేవాళ్ల మీద టర్మ్ పాలసీ ఉండటం మాత్రం అవసరం. విడిగా ఎంతకు వస్తుందో చూసి పోల్చుకోండి.
• అన్నీ కట్టేశాక మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఖాతాలో మిగులుతుందా? మిగలకపోతే ఇంకా కొనే రోజు రాలేదన్నమాట.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాటలో భయపెట్టడం కంటే హెచ్చరికే ఎక్కువ. ఈ ఆదివారం ఇళ్లు చూడటానికి వెళ్లకండి. ఇద్దరూ కూర్చుని నాలుగు అంకెలు రాయండి. చేతికొచ్చే జీతం, ఇప్పుడు కడుతున్న ఈఎంఐలు, చేతిలో ఉన్న డబ్బు, నెలకు నిజంగా మిగిలేది. మీ ఇంటి ధర ఎంతో ఆ కాగితమే చెబుతుంది. ఏజెంట్ ఫోన్ చేసి "ఆఫర్ రేపటిదాకేనన్నా" అంటే ఆ కాగితం చూసుకుని జవాబు చెప్పండి.